చీపురు పని తగ్గితే దువ్వెన పని మొదలవుతుంది

ల్యాబ్రడార్ ఉన్న ఇంట్లో పొద్దున ఎంత శుభ్రంగా ఊడ్చి తుడిచినా, సాయంత్రం ఫ్యాన్ వేసేసరికి మంచం కింద నుంచి బొచ్చు ఉండలు దొర్లుకుంటూ బయటికొస్తాయి. ఆఫీసుకు వేసుకెళ్లే నల్ల ప్యాంటు మీద, సోఫా సందుల్లో, ఉతికి మడతపెట్టిన దుప్పట్ల మీద, ఒక్కోసారి అన్నం కంచంలో కూడా అవే వెంట్రుకలు. అందుకే కుక్కను తెచ్చుకోవాలనుకునే ఇళ్లలో ముందుగా వచ్చే ప్రశ్నల్లో ఇదొకటి: జుట్టు రాలకుండా, చూసుకోవడానికి తేలిగ్గా ఉండే జాతి ఏది?

ఈ ప్రశ్నలో రెండు కోరికలున్నాయి. జుట్టు రాలకూడదన్నది ఒకటి, పని తక్కువ ఉండాలన్నది ఇంకొకటి. రెండూ ఒకటేననుకుని షిట్జునో పూడిల్‌నో ఇంటికి తెచ్చేవాళ్లు చాలామంది. కొన్ని నెలలు తిరిగేసరికి దాని చెవుల వెనక, చంకల్లో, తోక మొదట్లో జుట్టు ముద్దలు కట్టి, దువ్వెన చూపిస్తేనే కుక్క మంచం కిందికి దూరే పరిస్థితి వస్తుంది. రాలని జుట్టు ఎక్కడికీ పోదు, కుక్క ఒంటి మీదే పెరుగుతూ ఉంటుంది. దాన్ని ఎవరో ఒకరు దువ్వాలి, కత్తిరించాలి. కాబట్టి ఏ జాతి ఇంటివాళ్ల మీద ఏ పని పెడుతుందో ముందే తెలుసుకోవడం మంచిది.

జుట్టు ఎందుకు రాలుతుంది

ప్రతి వెంట్రుకకూ ఒక వయసు ఉంటుంది. కొంతకాలం పెరుగుతుంది, తర్వాత పెరగడం ఆపి కుదుట్లో అలాగే నిలిచి ఉంటుంది, చివరికి ఊడిపోయి కొత్తదానికి చోటిస్తుంది. మనిషి తల వెంట్రుక ఏళ్ల తరబడి పెరుగుతూనే ఉంటుంది కాబట్టి కత్తిరించకపోతే నడుం దాటుతుంది. పూడిల్ జుట్టుదీ దాదాపు అదే పద్ధతి. పెరిగే దశ చాలా ఎక్కువ, ఊడే దశకు చేరే వెంట్రుకలు ఒక్కసారికి కొన్నే. ల్యాబ్రడార్, జర్మన్ షెపర్డ్, హస్కీ లాంటివాటిలో వ్యవహారం తిరగబడుతుంది. వాటి వెంట్రుక కొంత పొడవు చేరగానే పెరగడం ఆగిపోతుంది, తర్వాత రాలడానికి సిద్ధంగా నిలబడి ఉంటుంది. పైగా వీటికి రెండు పొరల బొచ్చు. పైన గట్టి వెంట్రుకలు, అడుగున దూదిలాంటి మెత్తటి బొచ్చు. చలి దేశాల్లో ఒంటిని కాపాడేది ఈ అడుగు బొచ్చే. రుతువు మారినప్పుడు గుప్పిళ్లకొద్దీ ఊడేదీ అదే.

ఈ ఊడడానికి పగటి వెలుతురు పొడవుతో సంబంధం ఉంది. ఆరుబయట తిరిగే కుక్క ఏడాదికి ఒకటి రెండు సార్లు బాగా రాల్చి ఊరుకుంటుంది. రాత్రి పదకొండు దాకా ట్యూబులైట్ కింద పడుకునే అపార్ట్‌మెంట్ కుక్కకు ఆ లెక్క తప్పిపోతుంది. అది ఏడాది పొడవునా కొంచెం కొంచెంగా రాలుస్తూనే ఉంటుంది. "మా ఊళ్లో ఉన్నప్పుడు ఇంత రాలేది కాదు" అనే మాట వెనక చాలాసార్లు ఉన్న కారణం ఇదే.

బొచ్చు పొట్టిగా ఉంటే రాలదనుకోవడం మరో పొరపాటు. ల్యాబ్రడార్, పగ్, బీగిల్, డాల్మేషియన్, నలుగురివీ పొట్టి వెంట్రుకలే. నలుగురూ ధారాళంగా రాల్చేవాళ్లే. పైగా పొట్టి వెంట్రుక సూదిలా గుడ్డలోకి దిగుతుంది, పొడవు వెంట్రుకంత తేలిగ్గా చీపురుకు దొరకదు. పొడవు కూడా నమ్మదగిన గుర్తు కాదు. గోల్డెన్ రిట్రీవర్, మనవాళ్లు పొమేరియన్ అని పిలుచుకునే తెల్లటి స్పిట్జ్, రెండింటివీ పొడవు బొచ్చులే, రెండూ విపరీతంగా రాలుస్తాయి.

మరి కంటితో చూసి పోల్చుకునే గుర్తేమీ లేదా? ఒకటుంది. 2009లో అమెరికా పరిశోధకులు వందల కుక్కల జన్యువులను పరిశీలించి, జాతుల మధ్య బొచ్చులో కనిపించే తేడాల్లో చాలావాటికి మూడే జన్యువులు కారణమని చూపించారు. ఒకటి పొడవును, ఒకటి ఉంగరాలను, మూడోది కనుబొమలు, మీసం, గడ్డం గుబురుగా పెరగడాన్ని నిర్ణయిస్తాయి. ఈ మూడోదాని పేరు ఆర్‌స్పో2. గుబురు మీసం, గడ్డం ఉన్న జాతుల్లో జుట్టు రాలడం తక్కువగా ఉండటానికి ఇదీ ఒక కారణం. 2016లో వచ్చిన మరో పెద్ద అధ్యయనం ఎంసీ5ఆర్ అనే ఇంకో జన్యువుకు కూడా రాలడంతో సంబంధం ఉందని తేల్చింది. ష్నౌజర్, షిట్జు, లాసా ఆప్సో, మాల్టీస్, యార్క్‌షైర్ టెరియర్, బిషాన్ ఫ్రీజ్, వీటన్నిటి మొహాల మీదా గడ్డం మీసం కనిపిస్తుంది. పూడిల్‌కూ ఉంటుంది, గీయించేస్తారు కాబట్టి తెలియదు. స్పిట్జ్ మొహం చూడండి, నున్నగా ఉంటుంది. అంగడిలో పిల్లను చూపించి "ఇది రాలదండీ" అని చెప్పేవాళ్ల మాటకన్నా దాని తల్లి మొహం నమ్మదగిన సాక్ష్యం.

రాలని జుట్టు అడిగే పని

రాలని జాతుల్లో కూడా వెంట్రుకలు ఊడతాయి, కాకపోతే నేల మీద పడవు. పక్క వెంట్రుకల ఉంగరాల్లో చిక్కుకుని అక్కడే ఉండిపోతాయి. రోజూ దువ్వితే దువ్వెనకు వచ్చేస్తాయి. దువ్వకపోతే ఒకదానికొకటి పెనవేసుకుని, చెమ్మ తగిలి, దుమ్ము పట్టి, ఉన్నికంబళి ముక్కలా గట్టిపడతాయి. ఆ ముద్ద చర్మాన్ని ప్రతి అడుగుకీ లాగుతూ ఉంటుంది. దాని కింద గాలి ఆడదు, చర్మం చెమ్మగిల్లి ఎర్రబడుతుంది, పుండు పడుతుంది. అప్పుడు గ్రూమింగ్ సెంటర్‌కు తీసుకెళితే మొత్తం గొరిగేయడం తప్ప వేరే దారి ఉండదు. ఇది కుక్కకు నిజమైన బాధ. ఇంటివాళ్లకు ప్రేమ లేక జరిగేది కూడా కాదు, ఈ జుట్టు సంగతి వాళ్లకు ఎవరూ చెప్పకపోవడం వల్ల జరిగేది.

హైదరాబాద్, విజయవాడ, విశాఖ ఫ్లాట్లలో ఎక్కువగా కనిపించే షిట్జునే తీసుకోండి. చిన్న సైజు, ఒళ్లో కూర్చునే స్వభావం, మొరగడం తక్కువ, జుట్టు రాలడం తక్కువ. చైనా రాజభవనాల్లో ఒడిలో పెరిగిన జాతి ఇది, ఇల్లే దాని లోకం. ఇంతవరకూ అన్నీ అనుకూలమే. కానీ దాని జుట్టు పొడవుగా వదిలేస్తే రోజూ పావుగంట దువ్వాలి. పొట్టిగా కత్తిరించి ఉంచితే రెండు రోజులకోసారి సరిపోతుంది, నాలుగు నుంచి ఆరు వారాలకోసారి కటింగ్ తప్పదు. దానికి మించిన సంగతి మొహం. ముక్కు చప్పిడి కాబట్టి ఊపిరి తీసుకునే దారి ఇరుకు. కుక్కకు మనిషిలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పడమే దాని కూలర్. ఆ రొప్పే దారే ఇరుకైనప్పుడు మే నెలలో మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోతే పరిస్థితి ఏమిటో ఊహించుకోవచ్చు. కళ్లు కూడా బయటికి పొడుచుకొచ్చినట్టుంటాయి, మొహం మీది వెంట్రుకే వాటిని గీరుతుంది. కళ్ల చుట్టూ రోజూ తడిగుడ్డతో తుడవాలి. ఏసీ ఉండి, రోజూ కాసేపు కూర్చుని చూసుకునే మనిషి ఉన్న ఇంటికి షిట్జు మంచి తోడు. పగలంతా తాళం వేసి ఉండే పై అంతస్తు ఇంటికి కాదు.

లాసా ఆప్సో చూడటానికి దానికి అన్నలా ఉంటుంది గానీ స్వభావం వేరు. టిబెట్ మఠాల్లో, ఇళ్లలో లోపలి కాపలాకు పెంచిన జాతి. కొత్తవాళ్లను త్వరగా నమ్మదు. దాని దట్టమైన పొడవాటి జుట్టు టిబెట్ పీఠభూమి చలికి సరిపోయినది, ఇక్కడ పొట్టిగా ఉంచడమే దయ. మాల్టీస్, యార్క్‌షైర్ టెరియర్ ఇంకా చిన్నవి. పట్టులాంటి జుట్టు, చాలా తక్కువ రాలుతుంది. వీటికి పళ్లు త్వరగా పాడవుతాయి, మోకాలి చిప్ప పక్కకి జరిగే సమస్య ఉంటుంది, గొంతు గొట్టం నాజూకు. మెడపట్టీ బదులు ఛాతీకి తొడిగే హార్నెస్ వాడాలి. చిన్నపిల్లలు ఎత్తుకుని పడేసే ప్రమాదం ఉన్న ఇంట్లో ఇవి వద్దు. బిషాన్ ఫ్రీజ్ తెల్లటి దూదిపింజలా ముద్దొస్తుంది, కానీ ఆ దూది రూపం నిలబడాలంటే రోజూ దువ్వెన, నెల నెలా కత్తెర ఉండాల్సిందే.

ఈ గుంపులో పని, ఫలితం రెండూ లెక్కేస్తే ముందు నిలిచేది పూడిల్. సినిమాల్లో చూసిన పూలగుత్తుల కటింగ్ వల్ల దాన్ని షోకు కుక్క అనుకుంటారు. నిజానికి అది నీళ్లలోకి దూకి, కొట్టిన బాతులను పట్టుకొచ్చిన వేట కుక్క. ఈదడానికి అడ్డం కాకుండా వెనక భాగం గొరిగి, చన్నీళ్లలో కీళ్లకూ ఛాతీకీ వెచ్చదనం కోసం అక్కడక్కడ జుట్టు వదిలేవారు, ఆ కటింగ్ అలా పుట్టింది. దానికి మూతి పొడవు, ఊపిరికి ఇబ్బంది లేదు. చెప్పింది ఇట్టే పట్టేస్తుంది. సైజులు నాలుగు, అన్నిటికన్నా చిన్నదైన టాయ్ పూడిల్ ఎత్తు జానెడుకు కాస్త ఎక్కువ. ఒళ్లంతా ఒకే పొడవున సెంటీమీటరు, సెంటీమీటరున్నర ఉండేలా కత్తిరిస్తే దువ్వడం వారానికి రెండు మూడు సార్లతో సరి. ఒక్క జాగ్రత్త చెవులది. చెవి లోపల కూడా వెంట్రుకలు పెరుగుతాయి, వానాకాలంలో చెమ్మ నిలిచి ఇన్ఫెక్షన్ వస్తుంది. ఎనిమిది పది నెలల వయసులో పిల్ల జుట్టు పోయి పెద్ద జుట్టు వచ్చేటప్పుడు చిక్కులు అమాంతం పెరుగుతాయి. "ఇన్నాళ్లూ బాగానే ఉంది కదా" అని అప్పుడు దువ్వెన పక్కన పెట్టినవాళ్లే ఇబ్బంది పడతారు.

మినియేచర్ ష్నౌజర్ కూడా సాధారణ కుటుంబానికి బాగా నప్పుతుంది. జర్మనీ పొలాల్లో ఎలుకలు పట్టిన జాతి, ముప్పై నుంచి ముప్పై ఐదు సెంటీమీటర్ల ఎత్తు, గట్టి శరీరం, మంచి కాపలా గొంతు. వీపు మీద మెషీన్ కటింగ్ చేయిస్తే దువ్వాల్సింది కాళ్లు, గడ్డమే. అన్నం తిన్నాక గడ్డం తుడవాలి. దీని బలహీనత కొవ్వు. రక్తంలో కొవ్వు పెరిగే గుణం, దాంతోపాటు పాంక్రియాస్ వాచే జబ్బు ఈ జాతిలో ఎక్కువ. ఆదివారం బిర్యానీలో మిగిలిన ముక్క, నెయ్యన్నం ముద్ద ప్రేమతో పెట్టేదే అయినా ష్నౌజర్‌ను ఆసుపత్రి పాలు చేయగలదు. ఉల్లిపాయ, కిస్‌మిస్ ఏ కుక్కకైనా విషమే, అవి లేని మన వంట ఎంతని.

రాలకపోతే అలర్జీ రాదా?

చాలా ఇళ్లలో ఈ వెతుకులాట మొదలయ్యేది తుమ్ములతోనే. ఇంట్లో ఒకరికి ఆయాసమో అలర్జీయో ఉంటుంది, కాబట్టి రాలని జాతి కావాలి. ఇక్కడ నిజం కాస్త చేదుగానే ఉంటుంది. అలర్జీ తెచ్చేది వెంట్రుక కాదు. కుక్క లాలాజలంలో, చర్మం నుంచి రాలే చుండ్రులాంటి పొట్టులో, మూత్రంలో ఉండే ప్రొటీన్లు. అవి ప్రతి కుక్కలోనూ ఉంటాయి. 2011లో డెట్రాయిట్ పరిశోధకులు 173 ఇళ్లలో ధూళిని పరీక్షిస్తే, అలర్జీ తక్కువని పేరున్న జాతుల ఇళ్లకూ మిగతా ఇళ్లకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మరుసటి ఏడాది నెదర్లాండ్స్‌లో చేసిన అధ్యయనంలోనైతే పూడిల్, లాబ్రడూడుల్ (ల్యాబ్రడార్, పూడిల్ సంకరం) లాంటివాటి బొచ్చులో ప్రధాన అలర్జీ ప్రొటీన్ మిగతా జాతులకన్నా ఎక్కువే ఉంది, ఇళ్ల గాలిలో తేడా లేదు.

లాబ్రడూడుల్ పుట్టిన కథే ఈ విషయం చెబుతుంది. 1980ల చివర్లో హవాయిలో చూపు లేని ఒక మహిళకు దారి చూపే కుక్క కావలసి వచ్చింది, ఆమె భర్తకు అలర్జీ. ఆస్ట్రేలియాలో గైడ్ డాగ్ సంస్థలో పనిచేసిన వాలీ కాన్రన్ ముందు పూడిల్స్‌తో ప్రయత్నించి, అవి ఆ పనికి కుదరక, ల్యాబ్రడార్‌ను పూడిల్‌తో కలిపారు. మూడు పిల్లలు పుట్టాయి. వాటి బొచ్చు, లాలాజలం నమూనాలు హవాయికి పంపితే ఆ భర్తకు పడినది ఒక్క పిల్లదే. అంటే ఒకే కాన్పులో పుట్టిన పిల్లల మధ్యే అంత తేడా. ఆ తర్వాత అమెరికాలో డూడుల్ అంటే అలర్జీ రాని కుక్క అనే ప్రచారం ఊపందుకుంది, అంగడి కోసం ఇష్టమొచ్చినట్టు సంకరాలు మొదలయ్యాయి. ఆ పని చేసినందుకు విచారిస్తున్నానని కాన్రన్ తర్వాత బహిరంగంగానే చెప్పారు. తలుపులు మూసి, కార్పెట్ పరిచిన అమెరికా ఇంట్లో ఉండే తెలుగు కుటుంబాలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. గచ్చు నేలను తడిగుడ్డతో తుడిచినట్టు కార్పెట్‌ను తుడవలేం, కుక్క పొట్టు అందులో నెలల తరబడి ఉంటుంది.

మనిషికీ కుక్కకీ పడుతుందో లేదో జాతి పేరును బట్టి తెలియదు, ఆ ఫలానా కుక్కతో గడిపితేనే తెలుస్తుంది. అలర్జీ పరీక్షలో కొందరికి మగకుక్క ప్రొస్టేట్ గ్రంథి నుంచి వచ్చే ప్రొటీన్ ఒక్కటే పడదని తేలుతుంది. అలాంటివారికి ఆడకుక్క ఇబ్బంది పెట్టకపోవచ్చు. ఉబ్బసం ఉన్న పిల్లలున్న ఇంట్లో డాక్టరును అడగకుండా కుక్కను తేవడం, నెలకే తిరిగి ఇచ్చేయడం, ఇద్దరికీ అన్యాయం.

మన ఎండకి, మన వానకి

పుస్తకాల్లో కనిపించే జాబితాలు ఎక్కువగా చలి దేశాల్లో తయారైనవి. అందులో మన వాతావరణం ఉండదు, పిడుదులూ ఉండవు. తెలంగాణలో గోమార్లంటారు. గుబురు జుట్టులో, చెవి మడతలో, కాలివేళ్ల సందుల్లో దాక్కుని రక్తం తాగుతూ ఇవి ఎర్లీకియా, బెబీసియా లాంటి జబ్బులు అంటిస్తాయి. పశువైద్యుల దగ్గర టిక్ ఫీవర్ అని వినబడేది ఇదే, ప్రాణాల మీదికి తెస్తుంది. పొట్టి బొచ్చు కుక్క మీద పిడుదు పాకుతుంటే చేతికి తగులుతుంది. నాలుగంగుళాల జుట్టున్న షిట్జు మీద అది ఉబ్బి బఠాణీ గింజంత అయ్యేదాకా తెలియదు. అందుకే రాలని జాతి పెంచేవాళ్లు దువ్వే పావుగంటను అందం కోసమని కాక పిడుదుల తనిఖీగా చూడాలి.

ఈ వైపు నుంచి చూస్తే తేలిక అన్న మాటకు వేరే జవాబు వస్తుంది. కృష్ణా, గోదావరి జిల్లాల్లో, కొల్లేరు చుట్టుపక్కల పెరిగిన జోనంగి మన సొంత జాతి. నుదుటి మీద ముడతలు, చర్మానికి అంటుకుపోయినంత పొట్టి, సన్నటి బొచ్చు. బాతుల మందలను తోలడానికి, కాపలాకు వాడేవారు. దువ్వడమన్న పనే లేదు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. కొంచెం రాలుతుంది, కానీ అడుగు బొచ్చు గుప్పిళ్లుగా ఊడే వ్యవహారం ఉండదు. ఈ జాతి సంఖ్య బాగా తగ్గిపోయింది, కొద్దిమంది పట్టుదలగా కాపాడుకుంటున్నారు. పొలం గట్టు, పెరడు ఉన్న ఇంటికి ఇంతకన్నా సరైన కుక్క దొరకడం కష్టం. ఫ్లాట్‌లో బంధిస్తే మాత్రం దానికీ సుఖం ఉండదు.

కర్ణాటక ముధోల్, తమిళనాడు రాజపాళయం, చిప్పిపారై కూడా ఇంతే. జుట్టు విషయంలో దాదాపు శూన్యం పని, కాళ్ల విషయంలో బోలెడు. ఇవి వేటలో పరిగెత్తడానికి తయారైన కుక్కలు. రోజూ కంచె వేసిన చోట విచ్చలవిడిగా పరిగెత్తే వీలు లేకపోతే దువ్వెనలో మిగిలిన టైమంతా చెడిపోయిన చెప్పులు, సోఫాల రూపంలో పోతుంది.

ఇంక మిగిలింది మన ఊరకుక్క. ఇప్పుడు ఇండీ అంటున్నారు. దక్షిణాది ఊరకుక్కల బొచ్చు మామూలుగా పొట్టి, అడుగు బొచ్చు పలుచన. రాలదని చెప్పడం అబద్ధమవుతుంది, రుతువు మారినప్పుడు రాలుతుంది. వారానికోసారి రబ్బరు బ్రష్‌తో రుద్దితే చాలావరకు అందులోకే వస్తుంది. ఎండను తట్టుకుంటుంది, చప్పిడి ముక్కు సమస్య లేదు, ఒకే జాతిలో తరతరాలుగా కలపడం వల్ల వచ్చే జబ్బులు తక్కువ. కటింగ్ ఖర్చు సున్నా. రాలడం, దువ్వడం, ఆసుపత్రి, కరెంటు బిల్లు, అన్నీ కలిపి పని లెక్కేస్తే తెలుగు ఇళ్లలో ఎక్కువవాటికి ఇదే తేలికైన కుక్క. జాతి కుక్కల జాబితాల్లో దీని పేరు కనిపించకపోవడానికి కారణం దీన్ని అమ్ముకునేవాళ్లు లేకపోవడమే.

ఏ కుక్కయినా ఉన్నట్టుండి ఎక్కువ రాలిస్తే, ఒకచోట బోడి పడితే అది జాతి గుణం కాదు. థైరాయిడ్ కావచ్చు, గజ్జి కావచ్చు, ఫ్లీ అనే చిన్న పురుగుల వల్ల వచ్చిన దురద కావచ్చు. ఈనిన ఆడకుక్కకు కొన్ని వారాలకు జుట్టు పలచబడటం మాత్రం సహజం. వేసవిలో చల్లగా ఉంటుందని స్పిట్జ్‌నో హస్కీనో చర్మం దాకా గొరిగిస్తుంటారు. రెండు పొరల బొచ్చు గొరిగితే కొన్నిటికి మళ్లీ సరిగ్గా రాదు, ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది. రాలడం తగ్గుతుందని రోజూ స్నానం చేయించినా చర్మంలో నూనె పోయి రాలడం ఇంకా పెరుగుతుంది. పొడవు జుట్టు కుక్కకు స్నానం ముందు దువ్వాలి, తర్వాత కాదు. తడిసిన చిక్కు బిగుసుకుపోతుంది.

కొనేవాళ్లకు చట్టం ఇచ్చిన ఒక అండ ఉంది. 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం కుక్కల పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. తల్లిని చూపించమని అడగాలి. రెండు నెలల పిల్లలన్నీ మెత్తగా, ముద్దుగా, రాలకుండానే ఉంటాయి, వాటిని చూసి ఏమీ తేల్చలేం. ఆశ్రయాల్లో దత్తతకు ఉన్న పెద్ద కుక్కలతో ఆ చిక్కు లేదు. వాటి జుట్టు ఎలా ఉండబోతోందో ఇప్పుడే కళ్లెదుట ఉంటుంది. నల్ల చొక్కా వేసుకుని వెళ్లి, పది నిమిషాలు దాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని, వీపంతా నిమిరి, లేచి చొక్కా చూసుకుంటే చాలు.